పికప్‌కి ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ బిగింపు: నాలుగు వారాల డైరీ

మొదటి శనివారం

ముందు ఇది ఎందుకు మొదలుపెట్టానో చెప్తా. పోయిన నెల ట్రాక్టర్‌ని ట్రైలర్ మీదకి ఎక్కించుకుని పొలానికి బయల్దేరా, మేం ఉండేది టెక్సాస్‌లోని మెకిన్నీ, పొలమేమో వ్యాన్ ఆల్‌స్టైన్ దాటి లోపలికి ఓ ఆరు మైళ్లు, నేనూ మా బావమరిదీ కలిసి కొన్న 5 ఎకరాలు. 75 హైవే మీద ఆనా దగ్గరికి వచ్చేసరికి ముందున్న బండ్లన్నీ ఒక్కసారిగా ఎర్ర లైట్లు వేశాయి, నేనూ బ్రేక్ తొక్కా, ట్రక్కు ముక్కు కిందకి వంగింది కానీ బండి ఆగట్లా, వెనకనుంచి ఎవరో రెండు చేతులతో బలంగా నెడుతున్నట్టుంది. ముందు కారుకీ నాకూ మధ్య మనిషి పట్టేంత సందు మిగిలింది అంతే. పక్క సీట్లో నాన్న ఉన్నాడు. ఆగాక ఇద్దరం ఓ నిమిషం మాట్లాడుకోలేదు.

తర్వాత నాన్నే అన్నాడు, "ఒరేయ్, లోడు ట్రాలీ చెరువుకట్ట దిగేటప్పుడు ఇట్టాగే తోసేది. అందుకే కట్ట ఎక్కకముందే గేరు తగ్గించేవాళ్లం, దిగేటప్పుడు క్లచ్ మీద కాలు పెట్టామంటే మీ తాత తిట్టేవాడు" అని. మా ఊళ్లో ట్రాలీకి బ్రేకులుండవు, అక్కడ నడిచే స్పీడుకి, ఆ మనుషుల జాగ్రత్తకి అలా గడిచిపోయింది. ఇక్కడ 65 మైళ్ల స్పీడులో అదే పని చేస్తే ఎదుటివాడి పిల్లల ప్రాణాలతో ఆడుకోవడమే. నా ట్రైలర్‌కి బ్రేకులున్నాయి, నాలుగు చక్రాలకీ ఉన్నాయి, కానీ వాటికి ట్రక్కు నుంచి కరెంటే వెళ్లట్లేదు. ఇన్నాళ్లూ లైట్ల వైర్ ఒక్కటి తగిలించి అన్నీ ఉన్నట్టే తోలా. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ పని, ట్రక్కు బ్రేక్ తొక్కినప్పుడు ట్రైలర్ బ్రేకులకి కరెంటు పంపే కంట్రోలర్ అనే పెట్టె బిగించడం.

బండి 2013 ఎఫ్-150 ఎక్స్‌ఎల్, ఓ కాంట్రాక్టర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) ఉంది, వెనక 4 వైర్ల చదును ప్లగ్ మాత్రమే ఉంది, అంటే ఎర్త్, టెయిల్ లైటు, ఎడమ ఇండికేటర్, కుడి ఇండికేటర్, అంతే. బ్రేక్‌కి వైర్ లేదు, 12 వోల్టుల లైన్ లేదు. ట్రైలర్‌ది 7-వే (ఏడు పిన్నుల) ప్లగ్, 16 అడుగుల రెండు ఇరుసుల యుటిలిటీ ట్రైలర్, ఒక్కో ఇరుసు 3,500 పౌన్లు మోస్తుంది.

ఇవాళ చేసిన పని ఒక్కటే, ట్రక్ స్టాప్‌కి తీసుకెళ్లి కాటా వేయించా. ట్రాక్టర్, లోడర్, మోయర్, బాక్స్ బ్లేడ్ అన్నీ ఎక్కించాక ట్రైలర్ ఇరుసుల మీద 4,360 పౌన్లు, హిచ్ మీద పడే బరువు 540, మొత్తం 4,900. హిచ్ మీద 10 నుంచి 15 శాతం పడాలంటారు, 11 వచ్చింది, అది బానే ఉంది. కానీ టెక్సాస్ చట్టం ప్రకారం ట్రైలర్ మొత్తం బరువు 4,500 పౌన్లు దాటితే బ్రేకులు ఉండాలి, 30 మైళ్ల స్పీడు దాటకుండా లాగితే తప్ప. "ఖాళీ ట్రైలర్ 1,900 పౌన్లే కదా" అనుకుంటూ వచ్చా ఇన్నాళ్లు, పైన ఏం ఎక్కిస్తున్నానో లెక్క వేసుకోలేదు. మీలో ఎవరైనా ఇలా లాగుతుంటే ముందు కాటా వేయించండి, కాయితం మీద అంకె చూస్తే మనసు మారుతుంది.

ఆదివారం

సామాను తెప్పించా. కంట్రోలర్ టెకోన్షా ప్రాడిజీ పీ3. కంట్రోలర్లలో రెండు రకాలుంటాయి, మొదటిది టైమ్ డిలే రకం, బ్రేక్ తొక్కగానే మనం పెట్టిన లెక్క ప్రకారం కరెంటు పెంచుకుంటూ పోతుంది, మెల్లగా తొక్కినా గట్టిగా తొక్కినా దానికి ఒకటే. రెండోది ప్రపోర్షనల్, లోపల సెన్సర్ ఉంటుంది, ట్రక్కు ఎంత జోరుగా ఆగుతోందో పసిగట్టి ట్రైలర్‌కి ఆ మేరకే కరెంటు పంపిస్తుంది. పీ3 రెండో రకం. రేటు ఎక్కువే, అయినా దీని దగ్గర డబ్బు మిగుల్చుకోవాలనిపించలేదు.

ఇంకా 7-వే సాకెట్ కిట్, 10 గేజ్ వైరు, దానంతట అదే రీసెట్ అయ్యే సర్క్యూట్ బ్రేకర్లు రెండు (బ్రేక్ లైన్‌కి 20 ఆంప్స్, ట్రైలర్ మీదున్న చిన్న బ్యాటరీకి కరెంటు ఇచ్చే ఛార్జింగ్ లైన్‌కి 40), హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే తొడుగు) ఉన్న బట్ కనెక్టర్లు, అంటే రెండు వైర్లని కలిపే చిన్న గొట్టాలు, ముడతల గొట్టం, జిప్ టైలు. వైర్ మీద అలా నొక్కేస్తే పట్టుకునే క్లిప్పులు కూడా కిట్‌లో వచ్చాయి, అవి పక్కన పడేశా. అవి వైర్‌లో కొన్ని తీగల్ని కోసేయొచ్చు, రెండు వానాకాలాలు గడిచేసరికి పచ్చగా చిలుం పడుతుంది. బ్రేక్ పనికి అవి వద్దు.

కంట్రోలర్‌కి నాలుగే వైర్లు. నల్లది బ్యాటరీ ప్లస్‌కి, మధ్యలో బ్రేకర్ పెట్టి. తెల్లది ఎర్త్. ఎర్రది బ్రేక్ పెడల్ స్విచ్ నుంచి లైట్లకి వెళ్లే వైర్‌కి. నీలంది వెనక్కి, ట్రైలర్ బ్రేకులకి. ఇంతే. కష్టమంతా ఆ నీలం వైరుని వెనకదాకా క్షేమంగా చేర్చడంలోనే ఉంది.

రెండో శనివారం

పొద్దున ఏడింటికే మొదలుపెట్టాం, పదకొండు దాటితే డ్రైవ్‌వే మీద సిమెంటు కాలుతుంది. ముందు బ్యాటరీ మైనస్ తీసేశా. బ్రేకర్ మీద రెండు బోల్టులుంటాయి, రాగి రంగుది బ్యాటరీ వైపు, తెల్లగా మెరిసేది బయటికి వెళ్లే వైపు, ఇది చూసుకుని బిగించండి. బ్రేకర్ బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే బ్యాటరీకీ బ్రేకర్‌కీ మధ్య ఉన్న ముక్కకి కాపలా ఏమీ లేదు, అది ఎక్కడైనా ఒరుసుకుందంటే నేరుగా మంటే. నాది జానెడు దూరంలో పెట్టా.

తెల్ల వైర్ ఎక్కడ వేయాలని నాన్నకీ నాకూ చిన్న వాదన. "బాడీ అంతా ఎర్తే కదరా, పక్కనున్న బోల్టుకి చుట్టెయ్" అన్నాడు. చిన్న పనులకైతే సరే, కానీ ఇది బ్రేకుల సంగతి, రంగు, తుప్పు, సన్న రేకు వీటన్నిటి గుండా పోవాలంటే వోల్టేజీ కారిపోతుంది, కంట్రోలర్ తిక్క చేష్టలు చేస్తుంది. మాన్యువల్ కూడా నేరుగా బ్యాటరీ మైనస్‌కే వేయమంటుంది. అలాగే వేశా.

ఇక ఫైర్‌వాల్‌లోంచి, అంటే ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే రేకు గోడలోంచి, వైర్ లోపలికి తీయడం. డ్రైవర్ వైపు ఫ్యాక్టరీ వైర్లు దూరే రబ్బరు గ్రోమెట్ ఉంది, కొత్త బొక్క పెట్టకుండా దాని అంచున చిన్న గాటు పెట్టా. బట్టలు తగిలించే హ్యాంగర్ తీగని తిన్నగా చేసి, కొసని మడిచి, వైర్లని దానికి టేపుతో చుట్టి, నేను ఇంజన్ వైపు నుంచి తోస్తుంటే నాన్న కింద పెడల్స్ దగ్గర తల పెట్టి టార్చ్ పట్టుకుని "వచ్చింది వచ్చింది, ఆగు, ఇంకాస్త తొయ్" అంటూ లాగాడు. 71 ఏళ్ల మనిషి, వద్దన్నా వినడు. వైర్లు వచ్చాక గ్రోమెట్ చుట్టూ సిలికాన్ పట్టించా, లేకపోతే వాన నీళ్లు లోపలికి వస్తాయి.

తర్వాత నీలం వైరూ, ఛార్జింగ్ లైన్ నల్ల వైరూ కలిపి ముడతల గొట్టంలో పెట్టి ఛాసిస్ వెంట వెనక్కి. ఈ బండికి పెట్రోల్ ట్యాంక్ డ్రైవర్ వైపే ఉంటుంది. సైలెన్సర్ వేడికి దూరంగా ఉంటుందని నేను ఆ వైపే ఎంచుకున్నా, కాబట్టి ట్యాంక్ దగ్గర డ్రిల్లు మాటే ఎత్తకూడదు, ఫ్యాక్టరీ హార్నెస్ (వైర్ల కట్ట) ఏ దారిన పోతోందో దాన్ని పట్టుకుని పోతూ జానెడుకో జిప్ టై వేసుకుంటూ పోయా. బ్రేక్ పైపులకి మాత్రం కట్టొద్దు. వైరు ఒరుసుకునే ప్రతి అంచు దగ్గరా గొట్టం మీద ఇంకో చుట్టు టేపు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఆపేశాం. మా ఆవిడ పొలంలో కాసిన గోంగూరతో పప్పు చేసింది, కడుపునిండా తిని పడుకున్నాం. అన్నట్టు ఆ నేల గురించి ఒక మాట, డాలస్ నుంచి ఉత్తరాన షెర్మన్ వైపు దాకా ఆ పట్టీ అంతా నల్లరేగడి, ఇక్కడ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. నాన్న మొదటిసారి పొలం చూసినప్పుడు చెప్పులు విడిచి మట్టిని గుప్పిట్లోకి తీసుకుని నలిపి "ఇది మన గుంటూరు నేలే కదరా" అన్నాడు. వానకి జిగురు, ఎండకి బీటలు, అచ్చం అదే. వాన పడ్డ మర్నాడు ఆ మట్టి ట్రైలర్ చక్రాలకి ఎలా పట్టేస్తుందో, ఆ సంగతి కింద మళ్లీ వస్తుంది.

రెండో ఆదివారం

ఎర్ర వైర్ ఒక్కదానికే గంటన్నర పట్టింది, ఇది తొందరపడే చోటు కాదు. పెడల్ పైన ఉండే స్విచ్‌కి చాలా వైర్లు వస్తాయి, రంగులు చూసి ఊహించి కోసేయకూడదు. టెస్ట్ లైట్ క్లిప్పుని ఎర్త్‌కి పెట్టి, ఒక్కో వైరునీ మొనతో తాకుతూ, నాన్నని పెడల్ తొక్కమన్నా. మనకి కావాల్సింది తొక్కినప్పుడే వెలిగి వదిలేయగానే ఆరిపోయే వైరు. ఎప్పుడూ వెలిగే వైర్‌కి వేశామంటే కంట్రోలర్ మనం బ్రేక్ మీదే కాలు పెట్టుకుని ఉన్నామనుకుంటుంది. దొరికింది, మల్టీమీటర్‌తో ఇంకోసారి సరిచూసుకున్నా, తొక్కితే 12.5, వదిలితే 0. అప్పుడే వైరు మీద తొడుగు కొంచెం ఒలిచి, చుట్టి, సోల్డర్ చేసి టేపు వేశా.

కంట్రోలర్‌ని స్టీరింగ్‌కి కుడి పక్కన డాష్ కింద బిగించా. దాని మీద ఒక లివర్ ఉంటుంది, పెడల్ తొక్కకుండా ట్రైలర్ బ్రేకులు మాత్రమే పట్టించడానికి. కుడి చేత్తో చూడకుండానే ఆ లివర్ అందాలి, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు మోకాలికి తగలకూడదు. పెట్టె బండి నడిచే దిక్కుకి తిన్నగా ఉండాలి, పక్కకి తిరిగి ఉంటే సెన్సర్‌కి ముందూ వెనకా తెలియదు. స్క్రూలు పొట్టివి వాడండి, డాష్ వెనక ఏముందో చేత్తో తడిమి చూశాకే డ్రిల్ పెట్టండి.

వెనక 7-వే సాకెట్ తేలిగ్గానే అయ్యింది. లైట్ల కోసం పాత 4 వైర్ల ప్లగ్‌లోకి దూరుతుంది, మిగతా నీలం, నల్ల వైర్లు నేను తెచ్చిన లైన్లకి, తెల్లది ఎర్త్‌కి. రివర్స్ లైట్ వైరు నా ట్రైలర్‌కి అక్కర్లేదు, కొసకి హీట్ ష్రింక్ వేసి కట్టేశా.

బ్యాటరీ తగిలించి ట్రైలర్ ప్లగ్ పెట్టగానే స్క్రీన్ వెలిగింది, ట్రైలర్ తగిలిందని గుర్తుపట్టింది. లివర్ నొక్కితే వోల్టేజీ ఎక్కుతోంది, ట్రైలర్ బ్రేక్ లైట్లు కూడా వెలుగుతున్నాయి, నాన్న వెనక నిలబడి చక్రాల్లోంచి సన్నగా జుమ్మని శబ్దం వస్తోందన్నాడు. కానీ పెడల్ తొక్కితే స్క్రీన్ మీద దాదాపు ఏమీ లేదు. గుండె జారిపోయింది. ఎర్ర వైరు విప్పా, మళ్లీ కొలిచా, మళ్లీ సోల్డర్ చేశా, రెండు గంటలు. చివరికి మాన్యువల్ మొదటి పేజీ నుంచి కూర్చుని చదివితే తెలిసింది, అది తప్పు కాదు, అది పని చేసే పద్ధతే అది. బండి కదలట్లేదు కాబట్టి ఆగే జోరు లేదు, జోరు లేదు కాబట్టి కరెంటు పంపదు. నిలబడిన బండిలో పెడల్ తొక్కి ప్రపోర్షనల్ కంట్రోలర్‌ని పరీక్షించలేం. కొత్తగా బిగించేవాళ్లు ఎవరైనా ఇక్కడే భయపడతారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. ఇంటి ముందు వీధిలో 10 మైళ్ల స్పీడులో వెళ్లి తొక్కితే అంకె చక్కగా ఎక్కింది.

మూడో శనివారం

ఇవాళ్టి పని అసలు ప్లాన్‌లో లేదు. పోయినవారం వీధిలో నడిపినప్పుడు, లివర్ నొక్కితే ట్రైలర్ కొంచెం ఒక పక్కకి లాగుతున్నట్టు అనిపించింది. చిన్న అనుమానం, కానీ వదిలిపెట్టలేదు.

ఈ ఎలక్ట్రిక్ బ్రేకులు లోపల ఎలా పనిచేస్తాయంటే, డ్రమ్ లోపల ఒక లివర్ కొసన విద్యుదయస్కాంతం ఉంటుంది, అరచేతిలో పట్టేంత. కరెంటు రాగానే అది తిరుగుతున్న డ్రమ్ ముఖానికి అతుక్కుని దానితోపాటు ఈడ్చుకుపోబోతుంది, ఆ లాగుడుకి లివర్ తిరిగి బ్రేక్ షూలని డ్రమ్ మీదకి నొక్కుతుంది. అంటే కరెంటు ఆపదు, కరెంటు అయస్కాంతాన్ని అతికిస్తుంది, ఆపే బలం తిరిగే చక్రం నుంచే వస్తుంది. నాకు ఇది చాలా అందమైన ఏర్పాటు అనిపించింది.

నాది 10 అంగుళాల బ్రేకు, ఒక్కో అయస్కాంతం నిరోధం 3.2 ఓమ్‌లు ఉంటుంది. నాలుగూ పక్కపక్కన సమాంతరంగా కలిసి ఉంటాయి కాబట్టి ట్రైలర్ ప్లగ్ దగ్గర నీలం పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య 0.8 రావాలి. ప్లగ్ ట్రక్కు నుంచి తీసి కొలిచా. ముందు మీటర్ తీగలు రెండూ ఒకదానికొకటి తాకిస్తే 0.2 చూపించింది, అది తీగల సొంత నిరోధం, తీసేయాలి. ప్లగ్ దగ్గర 1.3 వచ్చింది. 0.2 తీసేస్తే 1.1. 3.2ని 3తో భాగించి చూడండి, 1.07. అంటే మూడే పనిచేస్తున్నాయి. ఒక చక్రానికి బ్రేకే లేదు. ఆ చిన్న లెక్క తేలగానే కలిగిన సంతోషం చెప్పలేను, చక్రం ఒక్కటి కూడా విప్పకుండా జబ్బు ఏంటో తెలిసిపోయింది.

ఏ చక్రమో పట్టడానికి ఒక్కోటీ విడివిడిగా కొలిచా, ఎడమ వెనకది దొరికింది, మీటర్‌లో ఏమీ రావట్లేదు. కింద పడుకుని చూస్తే ఇరుసు వెనక జాయింట్ దగ్గర నల్లమట్టి పిడికెడు ముద్దగా గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించా. లోపల ఇళ్లలో వాడే ప్లాస్టిక్ టోపీ లాంటి వైర్ నట్, పాత ఓనర్ పెట్టినట్టున్నాడు. దాన్ని ముట్టుకోగానే ఊడొచ్చింది, లోపల రాగి తీగలు పచ్చటి పొడి అయిపోయాయి, రెండు వెంట్రుకలంత తీగలు మాత్రం మిగిలాయి, అవీ నా చేతిలోనే విరిగిపోయాయి. తడి పొలంలోంచి వచ్చిన మట్టి నీళ్లని పట్టుకుని అక్కడే ఉంచింది, నెలల తరబడి.

మంచి రాగి కనపడేదాకా వైరు కోసి, నాలుగు చక్రాల దగ్గరా జాయింట్లన్నీ మార్చేశా, ఒక్కదాన్నే మార్చి మిగతా మూడు ఎప్పుడు పోతాయా అని ఎదురుచూడటం దేనికి. క్రింప్ చేసి, లాగి చూసి, హీట్ ష్రింక్ కొసల నుంచి జిగురు బయటికి ఉబికేదాకా వేడి చేసి, మట్టి పడే ముఖానికి కాకుండా ఇరుసు పై వైపుకి కట్టా. మళ్లీ కొలిస్తే 1.0, తీగలది తీసేస్తే సరిగ్గా 0.8. నాన్నకి మీటర్ చూపించా, కళ్లజోడు సర్దుకుని చూసి "ఇప్పుడు నాలుగు ఎడ్లూ కాడి కిందకి వచ్చాయి" అన్నాడు.

చక్రాలు ఎత్తే ఉన్నాయి కదా అని బ్రేక్ షూల బిగింపు కూడా చూశా. వెనక చిన్న కన్నంలోంచి పళ్ల చక్రం తిప్పుతూ, చక్రం చేత్తో తిప్పడం కష్టమయ్యేదాకా బిగించి, తర్వాత తేలిగ్గా తిరుగుతూ సన్నగా ఒరుసుకునే శబ్దం వినపడేదాకా వదలాలి. నాలుగూ ఒకేలా ఉండాలి. కుడి ముందుది చాలా వదులుగా ఉంది.

బ్రేక్‌అవే స్విచ్ కూడా మర్చిపోవద్దు. ట్రైలర్ హిచ్ నుంచి ఊడిపోతే తాడు లాగి పిన్ను ఊడి, ట్రైలర్ మీదున్న చిన్న బ్యాటరీతోనే బ్రేకులు పట్టేయాలి, 15 నిమిషాలైనా పట్టి ఉంచాలి. పరీక్షించేటప్పుడు 7-వే ప్లగ్ ట్రక్కు నుంచి తీసేయాలి, లేకపోతే ఆ కరెంటు వెనక్కి కంట్రోలర్‌లోకి వెళ్లి దాన్ని పాడుచేయొచ్చు. పిన్ను లాగి చక్రం తిప్పితే తిరిగింది. బ్యాటరీ చచ్చిపోయి ఉంది, ఛార్జింగ్ లైనే లేని ట్రక్కు వెనక ఇన్నాళ్లు తిరిగింది మరి. కొత్తది వేసి లాగితే నాలుగు చక్రాలూ రాయిలా బిగుసుకున్నాయి.

నాలుగో శనివారం

పవర్ సెట్టింగ్, అంటే కంట్రోలర్ ట్రైలర్ బ్రేకులకి ఎంతదాకా కరెంటు పంపాలో పెట్టుకునే అంకె. పొద్దున్నే ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ లాట్‌కి, ట్రాక్టర్ ఎక్కించి, చైన్లు బిగించి తీసుకెళ్లాం. 25 మైళ్ల స్పీడులో వెళ్తూ ట్రక్కు బ్రేక్ ముట్టుకోకుండా కంట్రోలర్ లివర్ పూర్తిగా నొక్కాలి, ట్రైలర్ ఒక్కటే మొత్తాన్ని ఆపాలి. చక్రాలు బిగుసుకుని జారితే పవర్ ఎక్కువైనట్టు. 6.0 దగ్గర మొదలుపెట్టా, మెత్తగా ఆగింది. 7.0, ఇంకా బాగుంది. 8.5 దగ్గర నాన్న బయట నిలబడి చెయ్యి ఊపాడు, ఒక చక్రం చిన్నగా కీచుమని జారింది. 8.0కి తగ్గించా. ఇది లోడుతో ఉన్నప్పటి అంకె, ఖాళీ ట్రైలర్ తెచ్చేటప్పుడు తగ్గించాలి, లేకపోతే ప్రతి తొక్కుడుకీ బిగుసుకుంటుంది. వాన రోడ్డు మీద కూడా అంతే.

బూస్ట్ అని ఇంకోటి ఉంది, పెడల్ ముట్టుకోగానే ట్రైలర్ కొంచెం ముందుగా పట్టుకునేలా చేస్తుంది. ట్రక్కు కన్నా ట్రైలర్ తేలికైతే అక్కర్లేదు, బరువు దాదాపు సమానమైతే బీ1, అంటే బూస్ట్‌లో మొదటి మెట్టు. నాది దాదాపు సమానమే, బీ1 పెట్టి చూస్తే హాయిగా ఉంది, ట్రక్కు ముక్కు వంగడం బాగా తగ్గింది.

అక్కడి నుంచి నేరుగా పొలానికి. ఆనా దగ్గర ఆ చోటు వచ్చేసరికి నాకు తెలియకుండానే చేతులు స్టీరింగ్‌ని బిగించి పట్టుకున్నాయి. ట్రాఫిక్ అలాగే నెమ్మదించింది. పెడల్ మీద కాలు పెట్టా, స్క్రీన్ మీద అంకె 2, 3, 4 అని ఎక్కింది, ఈసారి వెనకనుంచి తోపు లేదు, పైగా ఎవరో నడుం పట్టుకుని వెనక్కి లాగుతున్నట్టు ఉంది. ముందు కారుకీ మాకూ మధ్య రెండు కార్లు పట్టేంత జాగా మిగిలింది. నాన్న ఏం అనలేదు, సీటు అంచున పట్టుకున్న చెయ్యి మాత్రం తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

పొలం గేటు దగ్గర ఆగగానే ఇద్దరం దిగి ట్రైలర్ చుట్టూ తిరిగాం. చక్రం మధ్యన హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తే ఏ బ్రేకు పనిచేస్తోందో ఏది చేయట్లేదో తెలిసిపోతుంది, చల్లగా ఉన్నది సోమరిది, చెయ్యి కాలేది అతిగా పట్టేది. నాన్న కుడి వైపు, నేను ఎడమ వైపు. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి, ఎడమ వెనకది కూడా.

200 మైళ్లు తిరిగాక షూలు కుదురుకుంటాయి, అప్పుడు ఇంకోసారి బిగింపు చూడాలి. ఓడోమీటర్ 1,18,342 దగ్గరుంది. మాస్కింగ్ టేపు ముక్క మీద 1,18,542 అని రాసి కంట్రోలర్ పక్కన డాష్‌కి అంటించా.